ఒక్క మార్కు, నవంబర్ 20: నా సూపర్‌వైజర్ పరీక్ష అనుభవం

మొన్న లిస్టులో నా హాల్ టికెట్ నంబర్ కనిపించగానే చేతులు వణికాయి. మూడుసార్లు సరిచూసుకున్నాను. మా ఆయనతో కూడా ఒకసారి చదివించి, అప్పుడు మా అక్కకు ఫోన్ చేశాను. పన్నెండేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. సూపర్‌వైజర్ పోస్టుకు ఇది నా రెండో ప్రయత్నం. సిలబస్, పేపర్ల సంగతి మీ అందరికీ తెలిసిందే కాబట్టి మళ్లీ రాయను. మొదటిసారి ఎలా పోయిందో మాత్రం వివరంగా రాస్తాను. ఆ తప్పు మనలో చాలామంది ఇంకా చేస్తూనే ఉన్నారు.

మొదటిసారి నాకు ఆ పోస్టు చేజారింది ఒక్క మార్కుతో. అది కూడా అందరం సులువని వదిలేసే దినోత్సవాల దగ్గర. కోచింగ్‌లో ఇచ్చిన పట్టికను జిరాక్స్ తీయించి వంటగది తలుపుకు అంటించాను. బియ్యం కడుగుతూ, పాపకు జడ వేస్తూ బట్టీ పట్టాను. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పరీక్షలో జతపరచమని ఇచ్చారు: క్షయ, మలేరియా, టీకాల వారోత్సవం, పోలియో. ఎదురుగా మార్చి 24, ఏప్రిల్ 25, ఏప్రిల్ 24 నుంచి 30, అక్టోబర్ 24. ఎటు చూసినా ఇరవై నాలుగే. తలుపు మీది పట్టిక కళ్లముందు కనిపిస్తోంది కానీ ఏ తేదీ ఏ వరుసలో ఉందో గుర్తుకు రాదు. తప్పు పెట్టాను. ఆ టెన్షన్‌లోనే తర్వాతి ప్రశ్న, ప్రపంచ బాలల దినోత్సవం ఎప్పుడని. ఏటా నవంబర్ 14న సెంటర్‌లో బెలూన్లు కట్టే చెయ్యి కదా, నేరుగా 14 మీదికే వెళ్లింది. జవాబు నవంబర్ 20. కీ వచ్చిన రోజు అన్నం తినలేదు.

ఆ దసరాకు అక్క వచ్చింది. తనకు రెండేళ్ల వయసులో పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. ఇప్పుడు టైలరింగ్ చేస్తుంది. నేను మళ్లీ పట్టిక పట్టుకుని 'అక్టోబర్ 24 పోలియో, అక్టోబర్ 24 పోలియో' అని గొణుక్కుంటుంటే, కాజాలు కుడుతూనే అడిగింది: "ఆ రోజే ఎందుకు పెట్టారే?" నాకు తెలియదు. సొంత అక్కకు వచ్చిన జబ్బు, నేను పిల్లలకు చుక్కలు వేయించే జబ్బు, దాని రోజు ఎందుకు వచ్చిందో తెలియదు. ఆ రాత్రి కూర్చుని వెతికాను. తొలి పోలియో టీకా తయారుచేసిన జోనాస్ సాల్క్ పుట్టుకను గుర్తుచేస్తూ రోటరీ వాళ్లు పెట్టిన రోజు అది. ఆయన అసలు పుట్టింది మాత్రం 1914 అక్టోబర్ 28న. నా దగ్గరున్న మెటీరియల్‌లో 24నే పుట్టాడని ఉంది, మీ దాంట్లోనూ ఉంటే దిద్దుకోండి. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకు. 2014 మార్చి 27న పోలియో రహితమని సర్టిఫికెట్ వచ్చింది. ఇదంతా అక్కకు చదివి వినిపించాను. "అయితే నీ సెంటర్ పిల్లలకు ఇక భయం లేదన్నమాట" అంది. చుక్కలు మానితే మళ్లీ రావచ్చని చెప్పాను. ఆ తేదీలు నేను మళ్లీ చదవలేదు, చదవాల్సిన అవసరం రాలేదు.

మర్నాడే పట్టిక చించేసి నోట్‌బుక్ పెట్టాను. ఒక్కో రోజుకు ఒకటే ప్రశ్న, ఎందుకు ఆ రోజు? మార్చి 24: 1882లో అదే రోజు రాబర్ట్ కోక్ క్షయ క్రిమిని కనుగొన్నానని బెర్లిన్‌లో ప్రకటించాడు. మార్చి 21 డౌన్ సిండ్రోమ్: ఇరవై ఒకటో క్రోమోజోమ్ మూడు ప్రతులు, అందుకే మూడో నెల, ఇరవై ఒకటి. ఏప్రిల్ 7 ఆరోగ్య దినం: 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆగస్టు 20 దోమల దినం మన సికింద్రాబాద్‌దే, 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది ఇక్కడే. నన్ను ముంచిన నవంబర్ 20కి కారణాలు రెండు: 1959లో బాలల హక్కుల ప్రకటన, 1989లో ఒడంబడిక, రెండూ ఐక్యరాజ్యసమితి ఆమోదించింది ఆ తేదీనే. మనం ఒడంబడికలో చేరింది 1992లో. నవంబర్ 14 నెహ్రూ గారి జయంతి, మన దేశానిది. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా, ఇన్సులిన్ కనుగొన్న బాంటింగ్ పుట్టినరోజు.

కొన్నింటికి నోట్‌బుక్ కూడా అక్కర్లేదు. ఆగస్టు 1 నుంచి 7 తల్లిపాల వారోత్సవాలు. గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే అని మనం ఇంటింటికీ తిరిగి చెప్పే మాటే. తల్లిపాలను ప్రోత్సహించాలన్న 1990 ఆగస్టు 1 నాటి ఇన్నొసెంటి ప్రకటన దానికి మూలమని తెలిశాక ఆ వారం పని కూడా వేరుగా అనిపించింది. ఫిబ్రవరి 10 నులిపురుగుల మాత్రలు జాతీయ దినం, అంతర్జాతీయం కాదు. ఇలాంటి చోటే తికమక పెడతారు.

మిగతా సబ్జెక్టులు మామూలుగానే చదివాను. హోమ్ సైన్స్ పాత పుస్తకాలు, జనరల్ స్టడీస్‌కు దినపత్రిక, వారానికో మాక్ టెస్ట్. రోజుకు పదహారు గంటలు చదివానని నేను చెప్పను, చదవలేదు. సెంటర్, ఇల్లు, అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు అయ్యాక రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర వరకే. పిల్లలను పట్టించుకోలేదని బంధువుల్లో మాట వచ్చింది. అది నిజం కాదు. వాళ్ల హోంవర్క్ అయ్యాకే నా పుస్తకం తెరిచాను. ఒక్క పెళ్లికి వెళ్లలేదు, ఆ నిష్ఠూరం ఒప్పుకుంటాను. అక్కచెల్లెళ్లకు ఒకటే చెబుతున్నాను, రెండున్నర గంటలైనా రోజూ కూర్చోండి. ఫోన్ పక్కగదిలో పెట్టండి. 'రేపటి నుంచి' అనే మాట వల్లే నా నాలుగేళ్లు పోయాయి.

ఈసారి జూన్ 12 వచ్చింది, బాల కార్మిక వ్యతిరేక దినాన్ని ఏ సంస్థ మొదలుపెట్టిందని. అంతర్జాతీయ కార్మిక సంస్థ, 2002. చదవగానే పెట్టేశాను. ఫలితాల రోజు ఫోన్‌లో అక్క ముందు ఏడ్చింది, తర్వాత అడిగింది, మన పోలియో ప్రశ్న వచ్చిందా అని. రాలేదక్కా అన్నాను.