మా కాడ ఒకటే గిన్నె

మొదటి ఆదివారం మా చర్చిలో బల్ల ఆరాధన, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరిగే వంతు ఆ నెల నాది. మూడో వరుసలో మా చెల్లి అత్తగారు కూర్చున్నారు, సాలూరు నుంచి ముందురోజే వచ్చారు. నేను దగ్గరకు రాగానే చెంగు తల మీదకు లాక్కుని చెయ్యి చాపారు. పక్కనున్న సంఘ పెద్ద నా మోచెయ్యి తట్టి, "ఆమెది చిలకరింపు" అని గొణిగాడు. నేను ముందుకు నడిచాను. పళ్లెంలో చిన్న గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆవిడ చాపిన చేతిని మెల్లగా చెంగు కిందికి తీసుకున్నారు.

మా ప్రాంతం వాళ్లకు ఇది వింతేం కాదు. శ్రీకాకుళం, బొబ్బిలి వైపు కెనడియన్ బాప్టిస్టు మిషన్ సంఘాలు, సాలూరు వైపు లూథరన్లు. మాకు నమ్మి నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం. వాళ్లు పసిబిడ్డకే నీళ్లు చిలకరించి ఇస్తారు. పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి అడ్డురాని తేడా బల్ల దగ్గర అడ్డొస్తుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ ఒక్క మాటే అన్నారు. "మా కాడ అందరికీ ఒకటే గిన్నె బాబూ." మళ్లీ చారు వేయించుకున్నారు.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు 16 తీశాను. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడు. ఆ ఇంట్లో ఉయ్యాల, అంటే పసిబిడ్డ, ఉందా? ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. నేను ఇప్పటికీ ముంపు వైపే. కానీ ఏళ్ల తరబడి వాదనకు వాడిన 34వ వచనంలో "భోజనముపెట్టి" అనే మాట ఉందని ఆ రాత్రే నా కంటబడింది.

అక్కడి నుంచి పౌలు రాసిన గలతీ పత్రిక 2వ అధ్యాయం. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తినేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. "ముఖాముఖిగా అతనిని ఎదిరించితిని" అంటాడు పౌలు. అది కూడా అందరి ముందు! గొడవ సిద్ధాంతానిదే, కాదనను. పైకి కనబడింది మాత్రం ఎవరి పక్కన కూర్చుని తింటావన్నదే. కొరింథులో ఇదే ఇద్దరి పేర్లతో "నేను పౌలువాడను, నేను కేఫావాడను" అని జట్లు కూడా కట్టారు. కేఫా అంటే పేతురే.

అంత జరిగాక పేతురు తన రెండో పత్రిక చివర్లో పౌలు ఊసెత్తుతాడు. పౌలు రాసినవాటిలో "కొన్ని సంగతులు గ్రహించుటకు కష్టమైనవి" అని దాచకుండా చెప్తాడు. పేతురుకే కష్టమైతే మనబోటి వాళ్లం ఎంత! నన్ను ఆపేసింది దానికి ముందున్న వచనం. "మన ప్రియ సహోదరుడైన పౌలు." నిలదీసినవాడికి, రాతలు కొరుకుడుపడనివాడికి ఆ పేరు.

మర్నాడు కుటుంబ ప్రార్థనలో ఆవిడే పురుషోత్తమ చౌధరి కీర్తన ఎత్తుకున్నారు. 1833లో కటకంలో బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం పొందిన ఆయన పాటలు సాలూరులోనూ నోటికొచ్చు. మూడో చరణం నేను మర్చిపోతే ఆవిడ అందించారు.

పెద్దల మీటింగులో ఈ సంగతి కదిపాను. ఇంకా తేలలేదు. వచ్చే మొదటి ఆదివారానికి ఆవిడ మళ్లీ వస్తున్నారు. పళ్లెం వంతు కూడా నాదే.