ఫ్రిజ్ తలుపు దాటాక ఫైటో సంగతి

రీఫ్ ట్యాంకుకి, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంకి, ఫైటోప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మ నాచు, ముద్దుగా ఫైటో), అమైనో యాసిడ్లు ఆటోమేటిక్‌గా పడేలా చేద్దామనుకునేవాళ్లు ముందు పంపు గురించే అడుగుతారు. ఏ పంపు కొనాలి, ఒక్కో మందుని విడిగా తోసే హెడ్లు ఎన్నుండాలి, ఫోన్లో యాప్ వస్తుందా అని. అవన్నీ తర్వాతండీ. ఈ మందుల సీసాలు పాడవకుండా ఫ్రిజ్‌లో ఉంటాయి కాబట్టి, ముందు తేల్చుకోవాల్సింది ఫ్రిజ్ నుంచి ట్యాంకు దాకా వెళ్లే సన్న ట్యూబులో ఎంత మందు నిలవుంటుందో.

లెక్క సులువే. లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లున్న ట్యూబు మీటరు పొడవుకి సుమారు 7 మి.లీ. పడుతుంది. వంటింట్లో ఫ్రిజ్, హాల్లో ట్యాంకు ఉంటే గోడ వెంబడి తిప్పి తెచ్చేసరికి 3 మీటర్లు ఇట్టే అయిపోతుంది, అంటే 21 మి.లీ. రోజుకి 5 మి.లీ. డోసు పెట్టుకున్నామనుకోండి, ఇవాళ ఫ్రిజ్ దాటి బయటికొచ్చిన చుక్క ట్యాంకులో పడేది నాలుగు రోజుల తర్వాత. ఆ నాలుగు రోజులూ అది భీమవరం ఎండాకాలంలో ఏసీ లేని గదిలో గోడకి వేలాడుతూ ఉంటుంది. పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లోంచి తీసి నాలుగు రోజులు గట్టు మీద వదిలేసి, ఐదో రోజు కాఫీ పెట్టుకున్నట్టు. సీసా మాత్రం ఫ్రిజ్‌లో నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి అనుమానం దాని మీదికి పోదు, లైట్ల మీదికో ఉప్పు మీదికో పోతుంది.

డోసుని రోజుకి పన్నెండు సార్లుగా విడగొడితే మందు కదులుతూ ఉంటుంది కదా అంటారు కొందరు. కదులుతుంది, కానీ నిలవుండే కాలం అంతే. ట్యూబులో పట్టే పరిమాణాన్ని రోజు డోసుతో భాగిస్తే వచ్చే సంఖ్యే లెక్క, దాన్ని ఎన్ని ముక్కలు చేసినా మారదు. మారాలంటే ట్యూబు పొట్టిదవ్వాలి, లేదా సన్నదవ్వాలి. 2 మి.మీ. ట్యూబు మీటరుకి 3 మి.లీ. పైచిలుకు పడుతుంది, 1 మి.మీ.ది ఒక మి.లీ. కూడా పట్టదు. 1 మి.మీ. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, చిక్కటి ఫైటో అందులో ఎక్కడో ఒకచోట గడ్డకట్టి కూర్చుంటుంది. నేను 2 మి.మీ. దగ్గర ఆగిపోయాను.

నా ట్యాంకు గురించి కొంచెం చెప్పాలి. రెండొందల లీటర్లది, అన్నీ మెత్తటి పగడాలే, జోవాంథిడ్లు, మష్రూములు, ఒక లెదర్ కోరల్. వాటితో పాటు నీళ్లలో తేలే మేతని వడగట్టి తినే ఫెదర్ డస్టర్ పురుగులు రెండు. రీఫ్ కట్టే రాతి పగడాలు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు, అందుకని వాటి జోలికి పోలేదు. మా తీరంలో పగడపు దిబ్బలు లేవు, ఉండే వీలూ లేదు. గోదావరి వరదొచ్చినప్పుడల్లా గౌతమి, వశిష్ఠ మోసుకొచ్చే ఒండ్రుకి సముద్రం ఎర్రగా మారిపోతుంది, ఉప్పదనం పడిపోతుంది, పగడానికి ఈ రెండూ పడవు. పేరుపాలెం బీచి అంత దగ్గరున్నా ఆర్వో నీళ్లలో సింథటిక్ ఉప్పు కలుపుకోవడానికి కారణం అదే. ఇక ఫైటో నిజానికి నా పగడాల కోసం కాదు. జోవాంథిడ్లు దాన్ని పెద్దగా తినవు. అది కోపిపాడ్లనే చిన్న చిన్న నీటి పురుగుల కోసం, ఫెదర్ డస్టర్ల కోసం. పగడాలకి నేరుగా పనికొచ్చేది వెలుతురు, కాస్త అమైనో, అప్పుడప్పుడు సన్నటి మేత. సీసా మీద రాసినవన్నీ నమ్మితే ట్యాంకు కన్నా ముందు జేబు ఖాళీ అవుతుంది.

అన్ని సీసాలూ ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి కావు. ఫ్రిజ్ కావాల్సింది బతికున్న ఫైటోకి, ప్రిజర్వేటివ్ లేని అమైనో, విటమిన్ మందులకి, ద్రవరూపంలో ఉన్న మేతలకి. కాల్షియం, ఆల్కలినిటీ (క్షారత), మెగ్నీషియం సీసాలు బయటే ఉండాలి. ముఖ్యంగా సోడియం కార్బొనేట్‌తో చేసుకున్న ఆల్కలినిటీ మందు చల్లబడితే చిక్కే. 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీళ్లలో సుమారు 21 గ్రాములు కరిగే సోడా, సున్నా దగ్గరికొస్తే 7 గ్రాములే కరుగుతుంది. మిగతాది స్ఫటికాలై అడుక్కి దిగుతుంది, పైన మిగిలిన పల్చటి నీళ్లు ట్యాంకులోకి వెళ్తాయి, మనం మాత్రం డోసు సరిగ్గా పడుతోందనుకుంటాం. ఎలాగూ ఫ్రిజ్ ఉంది కదా, అన్నీ అందులోనే సర్దేద్దాం అనుకోవద్దు.

ఫ్రిజ్ విషయానికొస్తే, ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. "ఒరేయ్, ఆ పచ్చ సీసా పచ్చళ్ల పక్కన పెట్టకు. ఎవరైనా కరివేపాకు రసం అనుకుని తాగితే?" అంది. న్యాయమే. పైగా ఆ తలుపు రోజుకి వంద సార్లు తెరుచుకుంటుంది. అందుకని ట్యాంకు స్టాండు పక్కనే చిన్న ఫ్రిజ్ పెట్టాను, కంప్రెసర్ ఉన్నది. కారుల్లో వాడే, కంప్రెసర్ లేకుండా కరెంటు పలకతో చల్లబరిచే చిన్న పెల్టియర్ డబ్బాలు చవకగా దొరుకుతాయి, చప్పుడుండదు, కానీ అవి గది వేడి కంటే 15, 20 డిగ్రీలు తగ్గించడమే గొప్ప. గదిలో 36 ఉంటే లోపల 16 నుంచి 21. ఫైటోకి కావాల్సింది 4 డిగ్రీల చుట్టుపక్కల. ఊటీలో ఉంటే పెల్టియర్ సరిపోతుందేమో, డెల్టాలో సరిపోదు.

ఫ్రిజ్ పక్క గోడకి డ్రిల్ వేయొద్దు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి గ్యాస్ గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి, ఒక్క చిల్లుతో ఫ్రిజ్ పోతుంది. వెనక నీళ్లు కారే చిన్న రంధ్రం ఉంటే అందులోంచి ట్యూబు తీయొచ్చు, లేదంటే తలుపు రబ్బరు సందులోంచి, కీళ్లున్న వైపు. సందు వదిలితే వానాకాలంలో మా గాలిలో ఉన్న తేమంతా లోపలికి దూరి వెనక గోడకి మంచు కడుతుంది, అందుకే ట్యూబు చుట్టూ సన్న స్పాంజి ముక్క నొక్కి పెట్టాను. సీసాని వెనక గోడకి ఆనించకూడదు. గడ్డకడితే ఫైటో కణాలు పగిలిపోతాయి, కరిగాక అది ఎరువుతో సమానం. ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు నింపి పెడితే కరెంటు పోయినా చల్లదనం చాలాసేపు నిలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫ్రిజ్ దగ్గరగా పెట్టుకునే జాగా లేనివాళ్లకి రెండు దారులున్నాయి. ఒకటి, డోసు పడ్డాక పంపుని వెనక్కి తిప్పి ట్యూబులో మిగిలిన మందుని సీసాలోకి లాగేయడం. చాలామంది మెచ్చుకునే పద్ధతే గానీ నాకు నచ్చదు. ప్రతిసారీ ముందు ట్యూబు నింపాలి, తర్వాత డోసు పడాలి. 10 మి.లీ. నింపడంలో నూటికి ఐదు తేడా వచ్చినా అర మి.లీ., 2 మి.లీ. డోసులో అది పాతిక శాతం. పైగా బయట వేడెక్కిన ట్యూబు గోడల్ని కడిగిన మందు తిరిగి సీసాలో కలుస్తుంది, దాంతోపాటు అక్కడ పెరిగిన బ్యాక్టీరియా కూడా.

రెండో దారి, ఆర్వో నీళ్లతో తోసేయడం. మందు పంపుని ఫ్రిజ్‌కి ఆనించి పెట్టాలి, ట్యాంకు దగ్గర కాదు. పంపు దాటగానే మూడు దారులు కలిసే ఒక టీ జాయింటు, దానికి ఇంకో పంపు హెడ్ నుంచి ఆర్వో నీళ్లు. ముందు మందు పంపు 5 మి.లీ. వదులుతుంది, వెంటనే నీళ్ల పంపు ట్యూబులో పట్టేదానికి ఒకటిన్నర రెట్లు వదులుతుంది. డోసింగ్‌కి వాడేది పెరిస్టాల్టిక్ పంపు, అంటే రోలర్లతో ట్యూబుని నొక్కుతూ మందుని తోసేది. అది ఆగి ఉన్నప్పుడు దాని రోలరు ట్యూబుని నొక్కి పట్టుకుంటుంది కాబట్టి నీళ్లు వెనక్కి సీసాలోకి పోవు. మందు మొత్తం ట్యాంకులో పడుతుంది, ట్యూబులో మిగిలేది మంచినీళ్లే. డోసు కొలత కూడా చెడదు. రోజూ పదో ఇరవయ్యో మి.లీ. ఆర్వో నీళ్లు అదనంగా పడినా, ఆవిరయ్యే నీళ్ల ముందు అదేమీ లెక్కలోకి రాదు, ఆవిరైన మేరకు నీళ్లు నింపే ఆటో టాపాఫ్ ఆ మేరకు తక్కువ పోస్తుంది. ఫ్రిజ్ పక్కనే ఉన్నా నేను ఇది కూడా పెట్టుకున్నాను, ఒక హెడ్ ఖర్చే కదా.

ఫైటో అడుక్కి దిగిపోవడం ఇంకో తలనొప్పి. కదపకపోతే మొదటి రోజుల్లో చిక్కటిది, తర్వాత వట్టి పచ్చ నీళ్లు వెళ్తాయి. పాత కంప్యూటర్ ఫ్యానుకి రెండు అయస్కాంతాలు అంటించి, సీసాలో స్టిర్ బార్ (అయస్కాంతంతో తిరిగే చిన్న కడ్డీ) వేసి, డోసుకి ముందు ఒక్క నిమిషం తిప్పిస్తున్నాను. రోజంతా తిప్పితే మోటారు వేడి సీసాకి తగులుతుంది. కాకినాడ అవతల రొయ్యల హేచరీలో పనిచేసే మా బావ ఇదంతా చూసి నవ్వాడు. జోయియా అనే తొలి లార్వా దశలో ఉన్న రొయ్య పిల్లకి కీటోసెరోస్ ఆల్గే పెంచి పోయడం వాళ్లకి రోజూ ఉండే పని. "బావా, నువ్వు సెన్సార్లు ఎన్నైనా పెట్టుకో, మూత తీసి ఒకసారి వాసన చూడు. సముద్రం వాసనొస్తే వాడు, కుళ్లిన గుడ్డు వాసనొస్తే పారబొయ్యి" అన్నాడు. సీసా నింపే రోజు అలాగే చేస్తున్నాను, సీసాతో పాటు ట్యూబు చివర కూడా వాసన చూస్తున్నాను. సీసా బాగుండి ట్యూబు చివర కంపు కొడితే, నీళ్లతో తోసేది సరిగ్గా పనిచేయట్లేదన్నమాట.

పంపుల్ని నడిపే కంట్రోలరు ఈఎస్‌పీ32 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు. ప్రోగ్రాము గొప్పదేం కాదు, రెండు జాగ్రత్తలున్నాయంతే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోర్డు మళ్లీ మొదలవుతుంది, మా వీధిలో అది మామూలే, కాబట్టి చివరి డోసు ఎప్పుడు పడిందో మెమొరీలో రాసుకుంటుంది, బ్యాటరీ ఉన్న గడియారం చిప్పుని చూసి ఇవాళ్టిది పడిపోయి ఉంటే ఊరుకుంటుంది. రెండోది, ఫ్రిజ్‌లో నీళ్ల గ్లాసులో ముంచిన ఉష్ణోగ్రత సెన్సారు. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసినప్పుడల్లా గోల చేస్తుంది. గ్లాసు నీళ్లు 10 డిగ్రీలు దాటి కొన్ని గంటలుంటే డోసు ఆగిపోతుంది, నేను వచ్చి చూసేదాకా మళ్లీ మొదలవదు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ నమ్మేది చిన్న సీసాని. కొన్న పెద్ద సీసా వెనక పెట్టి, వారానికి సరిపడా మాత్రమే డోసింగ్ సీసాలో పోస్తాను. పంపుని ఆన్, ఆఫ్ చేసే రిలే స్విచ్చు అతుక్కుపోయినా, ప్రోగ్రాము పిచ్చెక్కినా, పడేది వారం డోసే. మా వైపు రొయ్యల చెరువులున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపోతే తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎలా పడిపోతుందో, ఏరేటర్ల దగ్గరికి ఎలా పరిగెత్తాలో. రెండొందల లీటర్ల గాజు పెట్టెలో ఏరేటర్లు లేవు, గాలి బుడగలతో మురికిని నురగగా తీసే స్కిమ్మరు ఒక్కటే ఉంది. డోసు లైట్లు ఆరగానే పెట్టుకుని, గంటసేపు స్కిమ్మరు ఆపి, దానంతటదే మళ్లీ ఆన్ అయ్యేలా చేశాను. తెల్లవారుజామున మాత్రం పెట్టొద్దు. ట్యూబు చివర నీళ్లకి పైనే ఉండాలి, మునిగితే సైఫన్ పట్టుకుని ట్యాంకు నీళ్లు వెనక్కి పోయే ప్రమాదం ఉంది.

కొలత సరిచూసేటప్పుడు ఫ్రిజ్‌లో చల్లబడ్డ మందుతోనే చూడండి, మామూలు నీళ్లతో కాదు. చల్లగా ఉన్నప్పుడు పంపు ట్యూబు బిగుసుకుని కొంచెం తక్కువ తోస్తుంది. ఒక్క డోసు కొలిస్తే ఏమీ తెలియదు, ఇరవై డోసులు సిరంజిలోకి పట్టి భాగించాలి. బయట కనిపించే ట్యూబుకి నల్ల తొడుగు వేయండి, లేకపోతే వెలుతురు తగిలి లోపల నాచు పడుతుంది. నెలకోసారి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పంపి, తర్వాత ఆర్వోతో బాగా కడుగుతాను. రోలరు కింద ఉండే ట్యూబు నొక్కుడుకి చదునైపోతుంది, అది పగిలేదాకా చూడకుండా కొలత తగ్గడం మొదలవగానే మార్చేయడమే. విడి ట్యూబు ఒకటి ఇంట్లో పెట్టుకోండి, ఇక్కడ షాపుల్లో దొరకదు, ఆన్‌లైన్లో ఆర్డరు పెడితే అది వచ్చేసరికి సీసాలో ఉన్న ఫైటో గడువు అయిపోతుంది.