నెర్రెలిచ్చిన బోర్డు

నల్లగొండ, ఏప్రిల్ నెలాఖరు

పొద్దుగాల తలుపు తీయంగనే కండ్లవడ్డది. గరుకు బొమ్మ (టెక్స్చర్ పెయింటింగ్) కోసం నిన్న మాపటికి బోర్డు మీద పెట్టిన తెల్ల ముద్ద, ఎండిన చెరువు అడుగు లెక్క నెర్రెలు బాసింది. ఎడమ మూల మొత్తం పోయింది. కుడిపక్క సన్న గీత కూడ లేదు. ఒకే గిన్నెల కలిపిన ముద్ద, ఒకే ప్లైవుడ్. తేడా మందంలనే: ఎడమ దిక్కు 8 మిల్లీమీటర్లు, కుడి దిక్కు 2.

పాళ్లు ఎప్పటివే. సుద్దపొడి రెండు, ఫెవికాల్ ఒకటి, తెల్ల అక్రిలిక్ రంగు ఒకటి, ఆపైన నీళ్లు చుక్కలు చుక్కలుగ. బ్లేడుతోని ఎత్తితే మొన నిలబడాలె, ఒరగొద్దు. అట్లనే నిలబడ్డది. చెడగొట్టింది ఫ్యాను. ఈ ఎండకు ఫ్యాను గాలి తోడైతే పైపొర గంటసేపట్ల గట్టిపడతది, లోపల ఇంకా పచ్చిగనే ఉంటది. లోపలి నీళ్లు పోతున్నకొద్ది ముద్ద దగ్గరికి గుంజుకుంటది. పైపొర సాగదు, చినుగుతది. అందుకే ఒక్కసారికి 3 మిల్లీమీటర్లు దాటొద్దు, పొరకు పొరకు నడుమ ఒక రాత్రి పోవాలె. ఇంకా ఎత్తు కావాలంటే కింద అట్టముక్కనో థర్మకోలో అతికించి, దాని మీద పలచగ పూసుకోవాలె. ముద్దతోనే గుట్ట కట్టాలనుకుంటే ఇట్లనే ఐతది.

నెర్రెలొచ్చినయని అంతా గీకి పారెయ్యనక్కర లేదు. గోటితోని తట్టి చూస్తే తెలుస్తది. గట్టి చప్పుడొస్తే కింద పట్టు ఉన్నట్టు, డొల్ల చప్పుడొస్తే బోర్డును ఇడిచినట్టు. ఎడమ మూలల అరచేయంత మేర డొల్లగనే పలికింది, అది గీకుడే. మిగిలిన నెర్రెలల్లకు ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు కలిపి సన్న బ్రష్‌తోని దింపిన. పీల్చుకున్నకాడికి పీల్చుకున్నది, పైన మిగిలింది తడిగుడ్డతోని తుడిచిన. వాటిని పూడ్చేది లేదు. ఇంత మంచి నెర్రెలు కావాలని చేస్తే రావు. ముదురు గోధుమ రంగు నీళ్లలెక్క కలిపి పోసి, పైన తుడిస్తే, వాన పడని చెల్క భూమే.

పక్కింటికి లప్పం పెడుతున్న మేస్త్రి గోడ మీదికెళ్లి తొంగి చూసి, “ఏం సారు, గింత తిప్పలెందుకు? మా బస్తాలకెళ్లి రెండు దోసిళ్లు తీస్కపోరాదుండ్రి” అన్నడు. “నీది గోడకే మంచిగుంటది మేస్త్రీ” అన్న. తెల్ల సిమెంటు లప్పం సిమెంటు గోడను పట్టుకున్నట్టు చెక్కను పట్టుకోదు. కాన్వాసు మీదనైతే ఇంకా కష్టం, గుడ్డ జర వంగంగనే పెళుసుగ ఇరుగుతది. పైగా దాంట్ల సున్నం గుణం ఉంటది, ప్రష్యన్ బ్లూ లాంటి రంగును తినేస్తది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దారి వేరే. పది నిమిషాలల్ల బిగుస్తది, బిగుస్తున్నప్పుడు మళ్ల నీళ్లు పోస్తే పొడిపొడిగ రాలుతది.

పగలంతా గోనెసంచి పనే. గోనెగుడ్డను బొమ్మలకు తెచ్చి పేరు తెచ్చుకున్నది ఇటలీ చిత్రకారుడు ఆల్బెర్తో బుర్రి, 1950ల సంగతి. మన దగ్గర మిర్యాలగూడ రైసు మిల్లుల పుణ్యాన సంచులకు కరువు లేదు. ఐతే జనపనారను మెత్తబరిచేటందుకు నూనె వాడుతరు. ఆ జిడ్డు ఉంటే ఫెవికాల్ పట్టదు, నెలకో రెండు నెలలకో అంచులు లేస్తయి. అందుకే వేడినీళ్లల్ల బట్టలసోడా వేసి అరగంట నానబెట్టి, పిండి, నీడకు ఆరేసిన. తెగిన పోగులు ఉంచుకున్నదే మేలు, నీడ పడేది వాటి పక్కనే. బోర్డుకు, గుడ్డ వెనుక రెండిటికీ జిగురు పూసి, నడుమకెళ్లి అంచులకు రోలరు తోలి, పైన పాలిథీన్ కవరు, దాని మీద రెండు ఇటుకలు. కవరు మరిచిపోతే ఇటుకలు కూడ బొమ్మల భాగమే ఐతయి.

బోర్డు వెనుక దిక్కు కూడ రెండు పూతలు ప్రైమర్ ఉండాలె. ఒక్క దిక్కే తడి తాగితే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కూడ ఒంగుతది. ఇది మొన్ననే ఐంది, ఇంకా రాసేదేం లేదు.

గరుకు కోసం మిల్లు ఊక కూడ పిడికెడు ఉన్నది. చాటల చెరిగి నూకలు తీసెయ్యాలె, నూక ఉన్నకాడ పురుగొస్తది. పచ్చి ఊక తడి తగిలితే పసుపుపచ్చ మరక దింపుతది, తెల్లరంగు మీద నుంచి కూడ పైకొస్తది. అందుకే ముందే అక్రిలిక్ మీడియంల (రంగు కలపని అక్రిలిక్ ద్రవం) ముంచి ఆరబెట్టుకోవాలె. బొమ్మకు వాడే ఇసుక కడిగేటప్పుడు ఆఖరు నీళ్లు బోరువి కాకుండ ఫిల్టరువి పోసిన. మన బోరునీళ్లు ఆరితే గిన్నెకే తెల్లపొర కడుతది, ముదురు రంగు కింద ఇసుకకు కట్టకుండ ఉంటదా.

రంగు ఇయ్యాల వేసేది లేదు. వేసినప్పుడైనా రెండు చాలు: కింద అంతటా ముదురుది పలచగ, ఆరినంక దాదాపు ఎండిన బ్రష్‌తోని లేతది మిట్టల మీద రాయాలె. గరుకు బొమ్మకు ఆరు రంగులు పెట్టేటోళ్లకు నీడ కనిపిస్తలేదన్నట్టే.

సాయంత్రం నాలుగున్నరకు పడమటి కిటికీ ఎండ బోర్డు మీద అడ్డంగ పడ్డది. అప్పుడు కనిపించింది, గోనె పైఅంచు దగ్గర బొటనవేలంత ఉబ్బు. కింద గాలి చిక్కింది. సూదితోని పొడిచి, సిరంజితోని రెండు చుక్కలు జిగురు ఎక్కించి, ఇటుక అటు జరిపిన.

గీకిన మూలకు కొత్త ముద్ద 2 మిల్లీమీటర్లే పెట్టి, పైన పాలిథీన్ వదులుగ కప్పిన. ఫ్యాను బంద్. రేపు పొద్దుగాల మళ్ల గోటితోని తట్టి చూడాలె.