గవర్నర్ గారి అల్లుడు కాదంట

పోయిన ఆదివారం మా పక్కింటి పెద్దావిడ ఒక పాత నోట్‌బుక్ పట్టుకొచ్చింది, వాళ్ళ తాతగారు రాసుకున్న వంశవృక్షం అంట. మొదటి పేరు జాన్ హౌలండ్, 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చినాయన, పక్కనే భార్య ఎలిజబెత్, గవర్నర్ కార్వర్ (ఆ ఓడవాళ్ళు పెట్టుకున్న వలసకి మొదటి గవర్నర్) కూతురు అని రాసుంది. నేను కాఫీ ఇచ్చి ఊరుకోవచ్చుగా, ల్యాప్‌టాప్ తెరిచా, ఇంకేముంది రాత్రి పన్నెండయింది.

ఈ హౌలండ్ అసలు కార్వర్ దగ్గర పనికుర్రాడు. దారిలో తుఫానుకి సముద్రంలో పడిపోయి, ఓడకి వేలాడుతున్న తాడు చేతికి దొరికితే నీళ్ళలో మునిగినా వదల్లేదట, కింద మీద పడి పైకి లాగారు. అమెరికా అధ్యక్షులుగా చేసిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లూ ఈయన వంశమే మరి.

ఇక ఎలిజబెత్ సంగతి. తరతరాలుగా అందరూ కార్వర్ కూతురనే చెప్పుకున్నారు, 1855లో లండన్లో బిషప్ గారి లైబ్రరీలో బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి బయటపడేదాకా. అది ఒకప్పుడు బోస్టన్‌లోనే ఉండేది, స్వాతంత్ర్య యుద్ధం గొడవల్లో మాయమైంది. బ్రాడ్‌ఫర్డ్ అదే ఓడలో వచ్చి తర్వాత గవర్నర్ అయినాయన, ఎవరు వచ్చారు ఎవరు పోయారు ఎవరికెంతమంది పిల్లలు అని జాబితా రాసిపెట్టాడు. అందులో హౌలండ్ చేసుకుంది జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌ని అనుంది. అంతే, గవర్నర్ గారి అల్లుడి హోదా పోయింది!

మరి కార్వర్ పేరు ఎక్కణ్ణుంచొచ్చింది? టిల్లీ, భార్య ఇద్దరూ మొదటి చలికాలంలోనే పోయారు, పిల్లకి అప్పటికి పదమూడేళ్ళు. కార్వర్ ఇంట్లో పెరిగుంటుంది, ఆయనా 1621లోనే పోయాడు, చూసినవాళ్ళు పోయాక ఆ ఇంటి పిల్ల కాస్తా ఆయన కూతురైపోయిందని నా ఊహ. పైగా తండ్రి గవర్నర్ అంటే ఎవరు కాదంటారు చెప్పండి, మన దగ్గర ప్రతి ఇంటిపేరుకీ ఒక జమీందారు తగల్లేదూ.

ఇంకో తికమక, హౌలండ్ పోయింది నోట్‌బుక్‌లో 1672, నెట్‌లో 1673. తాతగారు తప్పు రాశారనుకున్నా, కాదు, అప్పట్లో ఇంగ్లీషువాళ్ళకి మన ఉగాదిలాగా మార్చి 25న కొత్త సంవత్సరం, ఈయన ఫిబ్రవరిలో పోయాడు కాబట్టి వాళ్ళ లెక్కలో ఇంకా 1672, మన లెక్కలో 1673, 1752 దాకా ఇదే గోల.

పొద్దున్నే చెప్తే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. పెన్సిల్‌తో పక్కన టిల్లీ అని రాసుకుంది గానీ కార్వర్ని కొట్టెయ్యలేదు, తాతగారి చేతిరాత కదా అంది.