ఇండోనేషియాలో ముడిఖనిజం ఆపారు, బొగ్గు ఆపలేదు

ముడి నికెల్ బయటికి అమ్మకుండా దేశంలోనే శుద్ధి చేయించాలన్న ఇండోనేషియా పాలసీ గురించి ఎవరు మాట్లాడినా, భలే తెలివైన పని చేశారనో, అడవులు నాశనం చేశారనో అంటారు. రెండూ నిజమే. నా చిరాకంతా వేరే చోట ఉంది, ఆ శుద్ధి ఫ్యాక్టరీల బొగ్గు ప్లాంట్లకు ఇచ్చిన ఒక్క మినహాయింపు మీద.

2009 గనుల చట్టం ఖనిజాన్ని దేశంలోనే శుద్ధి చేయాలంది. 2014లో ముడి నికెల్ ఎగుమతి ఆపారు, 2017లో సడలించారు, 2020 జనవరి నుంచి మళ్లీ పూర్తిగా ఆపేశారు. యూరోపియన్ యూనియన్ దీని మీద డబ్ల్యూటీవోకి (ప్రపంచ వాణిజ్య సంస్థకి) వెళ్తే 2022లో అక్కడి ప్యానెల్ యూనియన్‌కే అనుకూలంగా తీర్పిచ్చింది, ఇండోనేషియా అప్పీలు చేసింది (అప్పీళ్లు వినాల్సిన బెంచీలో సభ్యులే లేరు కాబట్టి కేసు అక్కడే పడి ఉంది). ఈ విషయంలో నేను ఇండోనేషియా వైపే. తవ్విన మట్టి చవగ్గా అమ్ముకుని, దాంతో చేసిన సరుకు పదింతలు పెట్టి కొనుక్కోవాలని ఏ రూల్ చెప్పినా అది మంచి రూల్ కాదు.

కానీ అక్కడి ఖనిజాన్ని కరిగించడానికి విపరీతమైన కరెంటు కావాలి. స్మెల్టర్లు, అంటే ఖనిజం కరిగించే ఫ్యాక్టరీలు, వచ్చింది సులవేసి ద్వీపంలోని మొరోవాలి, హల్మహేరా ద్వీపంలోని వేదా బే లాంటి చోట్ల, జావా ద్వీపపు కరెంటు గ్రిడ్‌కి చాలా దూరంగా. దాంతో కంపెనీలు సొంత బొగ్గు ప్లాంట్లు కట్టుకున్నాయి. 2022లో అధ్యక్షుడి ఉత్తర్వు కొత్త బొగ్గు ప్లాంట్లు వద్దంది, అదే ఉత్తర్వు సహజ వనరుల విలువ పెంచే పరిశ్రమల (ఈ స్మెల్టర్ల లాంటివాటి) ప్లాంట్లను మాత్రం వదిలేసింది. పదేళ్లలో ఉద్గారాలు 35 శాతం తగ్గించాలి, 2050 దాకా నడుపుకోవచ్చు, అంతే. అదే ఏడాది బాలిలో జీ20 సమావేశాలప్పుడు బొగ్గు నుంచి బయటపడటానికి 2,000 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించారు కదా, 2023లో వచ్చిన దాని ప్లాన్‌లో ఉద్గారాల లక్ష్యం గ్రిడ్‌కే పెట్టారు. అంటే వేగంగా పెరుగుతున్న ఈ స్మెల్టర్ల బొగ్గు వాడకం అటు ఉత్తర్వు నిషేధంలోనూ లేదు, ఇటు ఒప్పందం లక్ష్యంలోనూ లేదు!

చేతకాక వదిలేశారంటే నేను నమ్మను. ప్రపంచంలో తవ్వే నికెల్‌లో సగానికి పైగా వాళ్లదే, ఖనిజం ఎక్కడికీ పోదు, కంపెనీలే వెతుక్కుంటూ రావాలి. ట్యాక్స్ హాలిడే (కొన్నేళ్లు పన్ను మినహాయింపు) ఇచ్చేటప్పుడే బొగ్గు కరెంటు వాడొద్దన్న షరతు పెట్టి ఉంటే కొంతమంది గొణిగేవాళ్లు, అయినా వచ్చేవాళ్లు. కొనేవాళ్లు అడుగుతారులే అనుకోవడానికీ లేదు, ఎందుకంటే ఈ నికెల్‌లో ఎక్కువ భాగం కార్ల బ్యాటరీలకు కాదు, స్టెయిన్‌లెస్ స్టీల్‌కి పోతుంది, అక్కడ కార్బన్ లెక్క అడిగేవాళ్లు తక్కువ.

జింబాబ్వే కూడా 2022 డిసెంబర్‌లో ముడి లిథియం ఎగుమతి ఆపేసింది. మంచిదే, కానీ అక్కడ శుద్ధికి కరెంటు ఎక్కడి నుంచి తెస్తారన్నది ఇప్పుడే తేల్చుకోవాలి, ఫ్యాక్టరీ లేచాక కాదు.