డాన్సింగ్ ఎలుకల బ్యాచ్

మన బ్యాచ్ సమావేశానికి వేస్తున్న సంచిక కమిటీ తరఫున కాకినాడ (మనం ఒకరినొకరు ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం కదా) ఫోన్ చేసి, "రెండు పేజీలు చాలు, నెలాఖరులోగా పంపించు" అన్నాడు. అరకు ట్రిప్ గురించి సాలూరు రాస్తోందట. ఆ జీపు సంగతి తను రాయడమే న్యాయం. మేడమ్ మన చేత రాయించిన లిటరేచర్ రిపోర్టు, అంటే ఒక టాపిక్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు చదివి రాసే రిపోర్టు, సంగతి మాత్రం నాకే వదిలేయమని అడిగి తీసుకున్నాను.

ఎంఏ సైకాలజీ ప్రీవియస్ నాకు పెద్దగా గుర్తు లేదు. స్టాటిస్టిక్స్ క్లాసులో కిటికీ పక్క సీటు, దూరంగా సముద్రం, అంతే. ఫైనల్ ఇయర్ అనగానే మాత్రం ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో ఆ పొడవాటి బల్ల, దాని మీద పరిచిన కార్డులు కళ్ళ ముందుకొస్తాయి.

ఆ రిపోర్టుకు క్లాసులు లేవు, నోట్సు లేదు. టాపిక్ మనమే ఎంచుకోవాలి, మనమే వెతుక్కుని చదవాలి, శనివారం సాయంత్రం మేడమ్ గదిలో కార్డులు చూపించాలి. ఒక్కో పరిశోధన పేపరుకు ఒక్కో కార్డు. పై మూలన 'చూ' లేదా 'వి' అని ఉండాలి. సొంతంగా చదివితే 'చూ'. ఇంకొకరు చెప్పగా తెలిస్తే 'వి'. ఆ తర్వాత మెస్‌లో సాంబారు దగ్గర్నుంచి హాస్టల్ ప్రేమకథల దాకా ప్రతిదానికీ "చూ నా, వి నా?" అని అడగడం మొదలైంది. మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. మా అమ్మాయి కూడా వాడుతుంది, ఎక్కడిదో తెలియకుండానే.

నేను తీసుకున్న టాపిక్ పరీక్షల టెన్షన్. అన్ని టెక్స్ట్ బుక్కుల్లోనూ తిరగేసిన 'యు' ఆకారంలో ఒక బొమ్మ ఉంటుంది. టెన్షన్ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా మార్కులు పడిపోతాయి, మధ్యస్థంగా ఉంటేనే మంచిది అని. కింద యెర్క్స్, డాడ్సన్, 1908 అని రాసి ఉంటుంది. నా కార్డు మీద 'వి' చూసి మేడమ్ అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఏ కాలేజీ పిల్లల మీద చేశారమ్మా ఈ పరీక్ష?"

ఆ ప్రశ్న వెంట నేను ఎంత దూరం వెళ్ళానో మీకు తెలుసు. సైకాలజీ పేపర్ల సారాంశాలు వేసే సైకలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్ మొదలైందే 1927లో. 1908 నాటి పేపరు అందులో ఎలా దొరుకుతుంది? దానిలోనే వెతుకుతూ పోతే 1957లో బ్రాడ్‌హర్స్ట్ రాసిన పేపరు వివరం తగిలింది. ఎలుకల్ని కొద్ది సెకన్లు నీళ్ళలో ఆపి, తర్వాత దారి వెతుక్కోమని వదిలిన ప్రయోగం అది. ఆ పేపరు చివరి పేజీలో పాత పేపరు పూర్తి చిరునామా ఉంది. ఢిల్లీకి ఉత్తరం రాసి, జిరాక్స్ ఖర్చుకు డీడీ తీసి పంపి, పోస్టుమాన్ కోసం ఎదురుచూపులు. పార్వతీపురం రోజూ వాచ్‌మన్‌ని నాకంటే ముందే అడిగేది.

కవరు వచ్చిన సాయంత్రం లేడీస్ హాస్టల్ వరండాలో అందరం కలిసి చదివాం. అందులో విద్యార్థులు లేరు, పరీక్షలు లేవు, ఆందోళన అసలే లేదు. ఉన్నవి గిరగిరా తిరిగే జాతి చిట్టెలుకలు, జపాన్ డాన్సింగ్ మైస్. తెల్ల పెట్టెలోకి వెళ్తే ఏమీ కాదు, నల్ల పెట్టెలోకి వెళ్తే కరెంటు షాక్. ఎంత షాక్ ఇస్తే తేడా ఎంత త్వరగా నేర్చుకుంటాయన్నదే ప్రశ్న. తేడా సులువుగా కనిపించినప్పుడు షాక్ పెరిగేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం మధ్యస్థపు షాకే బాగా పనిచేసింది. మధ్యలో ఎవరెవరి చేతుల్లోనో పడి, ఎలుకల షాక్ కాస్తా మన పిల్లల టెన్షన్ అయి కూర్చుంది.

శనివారం 'వి' కొట్టేసి 'చూ' రాసిన కార్డు ఇచ్చాను. మేడమ్ దాన్ని చాలాసేపు చూసి, "ఇప్పుడు రాయి" అన్నారు.

రాయడం ఇంకో చదువు. కాకినాడ డ్రాఫ్టు గుర్తుందా? ఫలానా వారు 1952లో ఇది కనుగొన్నారు, ఫలానా వారు 1960లో అది కనుగొన్నారు అని పేజీల కొద్దీ. "ఇది రిపోర్టు కాదు బాబూ, పెళ్ళిలో చదివింపులు" అన్నారు మేడమ్. పేర్ల వరస కాదు, ప్రశ్నల వరస కావాలన్నారు. దాంతో నా కార్డులన్నీ బల్ల మీద మళ్ళీ పేర్చాను. టెన్షన్‌ను ఎలా కొలిచారు అన్న కుప్పలో మాండ్లర్, సారసన్ 1952లో వేసిన ప్రశ్నావళి. గుండె దడ వేరు, 'పరీక్ష తప్పుతానేమో' అన్న ఆలోచన వేరు అని విడదీసిన లీబర్ట్, మోరిస్ 1967 పేపరు ఇంకో కుప్ప. మార్కులకు అడ్డుపడేది దడకంటే ఆ ఆలోచనే అన్నది ఈ రెండో కుప్పలోనే తేలింది. ఒకరి మాటకు మరొకరి మాట ఎక్కడ పొసగడం లేదో అక్కడ పేరా మొదలుపెట్టమన్నారు. ఇంత మంచి సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత ఎంఫిల్, ఉద్యోగం, పెళ్ళి, ఊళ్ళు మారడం. ఇప్పుడు ఇంటర్ కాలేజీల్లో పనిచేసే కౌన్సెలర్లకు శిక్షణ ఇస్తున్నాను. పరీక్షల రోజుల్లో పిల్లలకు చెప్పే మాటలతో నేను రాసిన చిన్న పుస్తకం చాలా కాలేజీల్లో వాడుతున్నారు. 'కొంచెం టెన్షన్ మంచిదే' అన్న వాక్యం అందులో లేదు. కంటినిండా నిద్ర, దడ వేరు ఆలోచన వేరు అని పిల్లలకు విడదీసి చూపించడం, ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో ఏమి అడగకూడదు, కష్టం మరీ మీరితే మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, ఇవి ఉన్నాయి. ప్రతి వాక్యం వెనకా నా దగ్గర ఒక కార్డు ఉంది, మూలన 'చూ' అని రాసి. శిక్షణకు వచ్చేవాళ్ళ చేత కూడా అలాగే రాయిస్తున్నాను. స్క్రీన్ మీద అయినా సరే.

మేడమ్ సమావేశానికి వస్తున్నారని కాకినాడ చెప్పాడు. మన రిపోర్టుల కాపీలు ఎవరి అటక మీద ఉన్నా దింపి తీసుకురండి. అన్నీ కలిపి బైండింగ్ చేయించి డిపార్ట్‌మెంటు లైబ్రరీకి ఇద్దాం. ఖర్చు నాది. పార్వతీపురం, నీ దగ్గరున్న ఆ ఢిల్లీ జిరాక్సు కూడా మర్చిపోకు.