గడ్డమే ఆనవాలు

ఇటలీలో బొలోనియా నుంచి రవెన్నా దాకా చదును పొలాలే, చెప్పుకోవడానికి ఏమీ లేదు. టికెట్టు ధర గొణుక్కుంటూనే శాన్ వితాలే చర్చిలోకి వెళ్లి, ఒక్క మొహం కోసం మెడ పట్టేసేదాకా నిలబడ్డాను.

ఎడమ గోడ మీద, రాతి, గాజు ముక్కలు అతికి చేసిన చిత్రంలో ఆరో శతాబ్దపు తూర్పు రోమన్ చక్రవర్తి జస్టినియన్. మనకు ఎడమవైపు, ఆయన్ని ఆనుకుని, తెల్లని పైవస్త్రం మీద ఊదారంగు పట్టీతో గడ్డం మనిషి. ఆయన సేనాని బెలిసేరియస్ ఇతడేనని చాలామంది పండితుల మాట. అయితే ఆ చిత్రం మొత్తంలో రాసి ఉన్నది ఒకే పేరు, బిషప్ మాక్సిమియన్‌ది. 547లో చర్చిని ప్రతిష్ఠించింది ఆయన గనక పేరు తలపైనే వేయించారు. 540లో రవెన్నాను గెలిచి ఇచ్చిన సేనానికి గడ్డమే ఆనవాలు. మన శిలాఫలకాల గొడవలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

పక్కనే ఒక గైడు తన బృందానికి, చక్రవర్తి ఇతడి కళ్లు పీకించాడని, వీధుల్లో అడుక్కుని బతికాడని కన్నీళ్లొచ్చేలా చెబుతున్నాడు. ఒళ్లు మండింది. అది శతాబ్దాల తర్వాత పుట్టిన కట్టుకథ. 562లో కుట్ర నేరం మోపిన మాట నిజమే, మరుసటి ఏడాదే గౌరవాలు తిరిగి ఇచ్చారు. 565లో, జస్టినియన్ కన్నా కొంత ముందు పోయాడు.

అసలు కథ దీనికన్నా రుచికరం. బయట కూడలిలో, జున్ను పెట్టిన పియాదీనా రొట్టె తింటూ దాన్నే తలుచుకున్నాను (ఆ ధరకు మన ఊళ్లో పూర్తి భోజనం వస్తుంది). అప్పట్లో రవెన్నాను ఏలుతున్న జర్మానిక్ జాతివాళ్లు గోతులు. బెలిసేరియస్ ముట్టడిలో ఆకలికి తాళలేక వాళ్లు, పడమటి రోమన్ సింహాసనం నువ్వే ఎక్కు అన్నారు. అతడు ఊ కొట్టి ఊరి లోపలికి వచ్చాడు, వచ్చాక కిరీటం వద్దన్నాడు. శత్రువులు భారీ మనుషులనీ, లెక్కలేనంతమందనీ విని ఉన్న గోతు స్త్రీలు, తీరా ఆ సైనికులను చూసి తమ భర్తల మొహాన ఉమ్మేశారని ఆయన కార్యదర్శి ప్రొకోపియస్ రాశాడు.

గోతు రాజు విటిగెస్‌నీ, ఖజానానూ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ చేర్చినా ఈసారి ఊరేగింపు లేదు. 534లో, ఉత్తర ఆఫ్రికాను ఏలిన వాండళ్ల మీద బెలిసేరియస్ విజయానికి ఘనంగా జరిపించిన జస్టినియన్, ఇప్పుడు ఖజానాను రాజభవనంలో సెనేటర్లకు మాత్రం చూపించి సరిపెట్టాడు. జనం ఊరుకుంటారా? ఆ పొడగరి, అందగాడు ఇంటి నుంచి బజారుకు బయలుదేరితే చాలు, రోజూ చూడటానికి మూగేవారట.